ఎడమ పక్కకు తిరుగు

ఉదయం ఎనిమిదీ పదికి డాక్టర్ ప్రద్యుమ్న మోచేతుల దాకా సబ్బు రాసుకుని చేతులు కడుక్కుంటున్నాడు. మామూలు కన్నా ఒక నిమిషం ఎక్కువే కడిగాడు. అతను ఒంటరిగా చెయ్యబోయే మొదటి కేసు అది.

ఆదోని దారిలోని ఆ ట్రస్టు ఆసుపత్రికి శిక్షణ కోసం వచ్చి రెండు నెలలయింది. అతను చేరిన విభాగంలో కత్తితో పనిలేదు. స్కాన్ తెర మీద లోపలి అవయవాన్ని చూస్తూ, చర్మం మీద గోరుగాటంత సందులోంచి సూది పంపి కాలేయంలోని చీము తీస్తారు. పూడుకుపోయిన రక్తనాళాన్ని తెరుస్తారు. గడ్డలోంచి బియ్యపుగింజంత ముక్క తెచ్చి పరీక్షకు పంపుతారు. కుట్లుండవు. పొద్దున బల్లెక్కిన మనిషి చాలాసార్లు సాయంత్రానికి లేచి కూర్చుని అన్నం అడుగుతాడు. ఈ పని నేర్చుకోవాలంటే డాక్టర్ దస్తగిరి దగ్గరే నేర్చుకోమని హైదరాబాదులో సీనియర్లు చెబితే ప్రద్యుమ్న పెట్టె సర్దుకుని వచ్చాడు.

అతని చెయ్యి చురుకైనది. తోటివాళ్లకు పావుగంట పట్టే పనిని నాలుగు నిమిషాల్లో ముగించేవాడు. ఈ డాక్టరు గారు టీ చెప్పి లోపలికి వెళ్తే, టీ కన్నా ముందే బయటికి వచ్చేస్తారని సిస్టర్ సలోమి నవ్వేది. అయినా దస్తగిరి గారు ఒక్కరోజు కూడా గది వదిలి వెళ్లలేదు. చేతులు కట్టుకుని వెనక నిలబడేవారు. తప్పు పట్టేవారు కాదు, మెచ్చుకునేవారూ కాదు.

ప్రద్యుమ్నకు అది మింగుడుపడలేదు. తనతో చదివినవాళ్లు వేరే ఊళ్లలో గురువులు పక్కన లేకుండానే చేస్తున్నారు. తన వెనక మాత్రం రోజూ ఒక నీడ. పోయిన వారం ఉండబట్టలేక అడిగేశాడు.

"సార్, నా చేతిలో లోపమేమైనా ఉందా?"

"చేతిలోనా? లేదు," అని దస్తగిరి గారు కళ్లజోడు తుడుచుకుంటూ వెళ్లిపోయారు.

ప్రద్యుమ్న ఆ మాటను మెప్పుగానే తీసుకున్నాడు. ఆ సాయంత్రం అమ్మకు ఫోను చేసి చెప్పాడు కూడా.

ఇవాళ ఎనిమిదింటికి ట్రస్టు వాళ్ల సమావేశం పడింది. దస్తగిరి గారు వెళ్తూ వెళ్తూ, మొదటి కేసు నువ్వే చూసుకో, నేను మధ్యలో వస్తానన్నారు. ప్రద్యుమ్న సరే సార్ అన్నాడు. ఆయన మెట్లు దిగేదాకా ముఖం మామూలుగా పెట్టుకోవడమే కష్టమైంది.

రోగి పేరు మద్దిలేటి. ముప్పై నాలుగేళ్లు. పట్టణంలోని ఒక నర్సింగ్‌హోమ్ నుంచి ఉత్తరంతో వచ్చాడు. కుడివైపు డొక్కలో పదిహేను రోజులుగా నొప్పి, మధ్యలో రెండు రోజులు జ్వరం. కాలేయంలో ఏడు సెంటీమీటర్ల చీముగడ్డ ఉందని, గొట్టం వేసి చీము తీయవలసిందని ఉత్తరంలో టైపు చేసి ఉంది. సీటీ ఫిల్ములు జతచేశారు. ప్రద్యుమ్న ఫిల్ములను వెలుతురుకు ఎత్తి చూశాడు. గడ్డ ఉంది, లోపల నీరులాంటిది ఉంది. సూదికి దారి సులువు. రక్తపరీక్ష కాగితం కూడా ఉంది, తిరగేసి పెట్టాడు.

చేతులు కడుక్కుని గదిలోకి వచ్చేసరికి టెక్నీషియన్ ఓబులేసు అంతా సిద్ధం చేసి ఉంచాడు. ప్రద్యుమ్న ఎప్పుడూ అలాగే వస్తాడు. రోగి వెల్లకిలా పడుకుని ఉంటాడు, మందు పూసి ఉంటుంది, ముఖం దాకా ఆకుపచ్చ గుడ్డలు కప్పి ఉంటాయి, మధ్యలో అరచెయ్యంత చర్మం కనిపిస్తుంది. ఆ అరచెయ్యే అతనికి రోగి.

స్కాన్ యంత్రపు ప్రోబ్‌ను చర్మానికి ఆనించగానే తెర మీద గడ్డ కనిపించింది. గుండ్రంగా, నల్లగా, కదలకుండా. చర్మం నుంచి దానికి దూరం కొలిచాడు. నాలుగు సెంటీమీటర్లు. ఓబులేసు ఏదో అనబోయినట్టు దగ్గాడు గానీ అనలేదు. సిస్టర్ సలోమి మత్తుమందు సిరంజిలోకి ఎక్కించి అందించింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

దస్తగిరి గారు వచ్చి, ఈసారి వెనక నిలబడలేదు. తలవైపు వెళ్లి గుడ్డ కాస్త పక్కకు జరిపి మద్దిలేటి ముఖం చూశారు. ఏ ఊరని అడిగారు. పత్తికొండ అవతల అన్నాడు మద్దిలేటి. ఏం పని చేస్తావన్నారు. గొర్రెలు మేపుతానన్నాడు. ఎన్ని ఉన్నాయంటే నూట ఇరవై అనీ, వాటిని బావమరిదికి వదిలి వచ్చాననీ, వాడికి వాన వస్తే మందను ఎక్కడ నిలపాలో కూడా తెలియదనీ చెప్పి, ఇదెంతసేపట్లో అయిపోతుందని అడిగాడు. సిరంజి పట్టుకున్న ప్రద్యుమ్న చెయ్యి గాలిలోనే ఉంది.

"మందకు కుక్కలున్నాయా?" అన్నారు దస్తగిరి గారు.

"రొండుండాయి సార్. ఒగదాని పేరు టైగరు."

"రెండోది?"

"దానికి పేరు పెట్టల్యా. పెట్టే లోపలే టైగరును మించి తినబట్టె." మద్దిలేటి నవ్వబోయి, డొక్క పట్టుకుని ఆగాడు. "నేను తింటాంటే పక్కనే కూకుంటాది. నా గిన్నె నాకంటే ముందు అదే నాకుతాది."

సలోమి నవ్వింది. దస్తగిరి గారు నవ్వలేదు.

"నాయనా, కాస్త ఎడమ పక్కకు తిరుగు," అన్నారు.

రోగి కదిలితే గుడ్డలు జారతాయి. శుభ్రం చేసిన చోటు పాడవుతుంది. మళ్లీ మందు పూయాలి, మళ్లీ కొత్త గుడ్డలు కప్పాలి, ఇరవై నిమిషాలు పోతాయి. "సార్, డ్రేపు..." అన్నాడు. అప్పటికే మద్దిలేటి మూలుగుతూ తిరిగిపోయాడు. ఆకుపచ్చ గుడ్డలు రెండూ నేల మీద పడ్డాయి. తన మొదటి కేసును కావాలనే చెడగొట్టారని ప్రద్యుమ్నకు అనిపించింది.

దస్తగిరి గారు అతని చేతిలోంచి సిరంజి తీసుకుని ట్రేలో పెట్టారు. ఖాళీ అయిన చేతికి ప్రోబ్ అందించారు. తెరవైపు చూడలేదు. ప్రద్యుమ్న ముఖమే చూస్తూ నిలబడ్డారు.

ప్రద్యుమ్న ప్రోబ్ ఆనించాడు.

నల్లటి గుండ్రం అలాగే ఉంది. కానీ ఇందాక కదలని దాంట్లో ఇప్పుడేదో కదులుతోంది. తేరుకున్న నీళ్ల బిందెను ఎవరో జరిపితే అడుగునున్న సన్న ఇసుక లేచి మళ్లీ దిగినట్టు, తెల్లటి చుక్కలు ఒక పక్కనుంచి లేచి, నెమ్మదిగా, ఒకదాని వెనక ఒకటి ఇంకో పక్కకు రాలుతున్నాయి. చీము అలా రాలదు.

అది అతను పుస్తకంలో చదివిందే. కుక్క కడుపులోని పురుగు గుడ్లు మనిషి నోట్లోకి చేరితే, కాలేయంలో ఒక తిత్తి ఏర్పడి, ఏళ్ల తరబడి పెరుగుతుంది. ఇసుకలా రాలేవి ఆ పురుగు పిల్లలే. పైన నీరు తేటగా ఉంటుంది. ముందుగా మందులు వాడకుండా, జాగ్రత్తలు లేకుండా దాన్ని సూదితో గుచ్చి, లోపలి నీరు కడుపులోకి కారితే మనిషికి ఒళ్లంతా దద్దుర్లు లేచి, రక్తపోటు పడిపోయి, బల్ల మీదే ప్రాణం పోవచ్చు. ప్రాణం నిలిచినా, జారిన ఇసుక కడుపులో చోటుచోటా కొత్త తిత్తులు కట్టవచ్చు. పరీక్షలో ఈ ప్రశ్నకు అతనికి పూర్తి మార్కులు వచ్చాయి.

తిరగేసి పెట్టిన రక్తపరీక్ష కాగితం గుర్తొచ్చింది. చీము ఉన్నవాడికి పెరగవలసిన తెల్లకణాలు మద్దిలేటికి పెరగలేదు. అది కూడా చూశాడు. చూసి తిరగేశాడు.

చుక్కలన్నీ దిగిపోయాయి. ఓబులేసు వంగి గుడ్డలు ఏరుకున్నాడు.

"సార్," అన్నాడు ప్రద్యుమ్న. "ఉత్తరంలో చీముగడ్డ అనే ఉంది. ఫిల్ములో కూడా..."

"కాగితం పక్కకు తిరగదు," అన్నారు దస్తగిరి గారు. వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్లి, వేళ్లకంటిన జెల్ కడుక్కున్నారు.

మద్దిలేటి మెడ తిప్పి అందరివంకా చూస్తున్నాడు. సూది ఎందుకు గుచ్చలేదో అతనికి తెలియలేదు. బయట అతని భార్య ఇద్దరికీ సరిపడా జొన్నరొట్టెలు మూటగట్టుకుని కూర్చుంది, సాయంత్రం బస్సుకు వెళ్లిపోదామని.

"ఏమైంది సార్? గుచ్చరా?"

సలోమి దస్తగిరి గారి వైపు చూసింది. ఆయన చెయ్యి తుడుచుకుంటూ ప్రద్యుమ్న వైపు చూపించారు. "కేసు ఆయనది," అన్నారు. బయటికి వెళ్లి తలుపు మెల్లగా మూశారు.

ఇప్పుడు మళ్లీ ప్రద్యుమ్న వెనక ఎవరూ లేరు.

స్టూలు లాక్కుని, మద్దిలేటి తలవైపు కూర్చున్నాడు. చేతి తొడుగులు తీశాడు. ముందు రక్తం తీసి హైదరాబాదు పంపాలనీ, కొన్ని రోజులు మాత్రలు వాడాలనీ, ఆ తర్వాత ఇక్కడే, ఇలాగే సూదితో తీస్తామనీ చెప్పాడు.

"తీసేది ఎట్లాగూ తీస్తారు గదా," అన్నాడు మద్దిలేటి. "ఇయ్యాళే తీయొచ్చు గదా సార్. మళ్లా రావాల, పోవాల. మందను ఎవురు చూస్తారు?"

"ఇవాళ తీస్తే..." అని ప్రద్యుమ్న ఆగాడు. ట్రేలో సిరంజి, కవరు విప్పని గొట్టం, నాలుగు అంగుళాల సూది అలాగే ఉన్నాయి. "ఇవాళ తీయకూడదు అన్నా. తీయబోయాను. తప్పు నాదే."

మద్దిలేటికి అది అర్థమైనట్టు లేదు. కానీ తనను అన్నా అన్నందుకేమో, సరేలే సార్ అన్నాడు. తర్వాత ఇంట్లో పిల్లలున్నారా, ఆ గిన్నెలో వాళ్లు కూడా తింటారా అని ప్రద్యుమ్న అడిగాడు. ఇద్దరు ఆడపిల్లలన్నాడు మద్దిలేటి. వచ్చేటప్పుడు వాళ్లను కూడా తీసుకురమ్మని, కుక్కలకు పురుగుల మందు వేయించమని ప్రద్యుమ్న చెప్పాడు. అంతా చెప్పి, బయట భార్యతో మళ్లీ మొదటి నుంచి చెప్పేసరికి తొమ్మిదింబావయింది. గొట్టం వేసి ఉంటే నాలుగు నిమిషాల పని.

ఆ రోజు మిగిలిన కేసుల్లో దస్తగిరి గారు ఎప్పటిలాగే వెనక నిలబడ్డారు. పొద్దుటి సంగతి ఎత్తలేదు. ప్రద్యుమ్నా ఎత్తలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం రక్తపరీక్ష ఫలితం వచ్చింది. తిత్తి పురుగుదేనని రాసి ఉంది. ప్రద్యుమ్న కాగితం పట్టుకుని స్కాన్ గదికి వెళ్తే దస్తగిరి గారు లేరు, నమాజుకు వెళ్లారు. ఓబులేసు ఒక్కడే కూర్చుని ప్రోబ్ తీగలు చుడుతున్నాడు. కాగితం చూసి, ఆ రోజు నోటిదాకా వచ్చింది గానీ డాక్టరు గారికి చెప్పేంతవాణ్నా అని ఊరుకున్నానన్నాడు.

ఏం చెప్పబోయావని ప్రద్యుమ్న అడిగాడు.

కాలేయంలో నీరుందని ఎవరొచ్చినా, మందు పూయకముందే పెద్దసారు వచ్చి రోగిని అటొకసారి ఇటొకసారి తిప్పి చూస్తారని ఓబులేసు చెప్పాడు. తన సర్వీసు పదకొండేళ్లు. వారానికి ముగ్గురో నలుగురో వస్తారు. ఆయన తిప్పి చూడకుండా ఒక్కరికి కూడా మందు పూయించడం చూడలేదు. మద్దిలేటి వచ్చిన పొద్దున సారు సమావేశంలో ఉన్నారు కాబట్టి ఆ పని జరగలేదు.

చీముగడ్డ అని ఉత్తరం తెచ్చినవాళ్లలో, తిప్పినప్పుడు ఇసుక రాలింది ఎంతమందికని ప్రద్యుమ్న అడిగాడు.

ఓబులేసు తీగ చుట్టడం ఆపి ఆలోచించాడు. పదకొండేళ్లలో, మద్దిలేటితో కలిపి, ఇద్దరికి.