ఉత్త నూనె, కలిపిన నూనె

“కలిపాక దాన్ని కల్తీ అనక ఏమంటారు పెద్దమ్మా?” అని పెంచల ఆరోజు కూడా గొంతు లేపింది. ఎదురుగా మస్తానమ్మ ఇడ్లీ తింటా ఉంది. మాటకి మాట చెప్పదామె. చేతికందిన దాంతోనే చెప్తది, అదే ఆమె పద్ధతి.

గూడూరు నిమ్మకాయల మార్కెట్ వెనక సందులో మస్తానమ్మ కొట్టు. నిమ్మతొక్కలు పిండి నూనె తీస్తది. గిన్నెల జిడ్డుకి, తలుపుల మీద స్టిక్కర్ల జిగురుకి ఉత్తదే పోస్తది. ఒంటికి అడిగితే మాత్రం నువ్వుల నూనెలో కలపందే సీసా చేతికియ్యదు. పెంచలకి అదే మింగుడు పడలా. వేరుశనగ నూనెలో పామాయిలు పోసే షావుకారుతో పోట్లాడి, రావాల్సిన కూలి కూడా వదులుకొని ఇక్కడ పనికి చేరిన మనిషి. ఇక్కడా కలపడమేనా? మోకాళ్ళు పట్టేసిన మస్తానమ్మ కొట్టు పెంచలకే అప్పజెప్పాలనుకుంది గానీ, ఈ పోట్లాట తెగక తాళాలు ఇంకా తన కొంగునే కట్టుకోని ఉంది.

అంతలో లారీలకి నిమ్మ బస్తాలెత్తే చెంగయ్య వచ్చాడు.

“భుజం పట్టేసిందమ్మా. కలిపింది నాకొద్దు, ఉత్తది పొయ్యి. ఐదొందలైనా ఇస్తా. పూసుకోని ఇట్నే లోడింగుకి పోవాల.”

“ఈ ఎండలోనా?” అంది మస్తానమ్మ.

“ఎండ మనకేమన్నా కొత్తా?”

“అడిగినోడికి అడిగిందే ఇస్తా,” అని పెంచల సీసా మూత తీసింది.

మస్తానమ్మ అడ్డు పళ్ళా. ఇడ్లీలొచ్చిన థర్మాకోల్ ప్లేటు తుడిచి, కింద స్టీలు పళ్ళెం పెట్టి, “ముందు దీంట్లో పొయ్యి,” అంది.

పెంచల పోసింది. నూనె పడ్డచోట ప్లేటు కుంగింది, ముడుచుకుంది, బొక్కపడి జిగురులాగా పళ్ళెంలోకి జారింది.

చెంగయ్య భుజం పట్టుకుని వెనక్కి జరిగాడు. “ఓర్నాయనో, పొయ్యి లేకుండానే ఉడకబెట్టిందే!”

పెంచల తగ్గలా. “మనిషి తోలూ థర్మాకోలూ ఒకటేనా పెద్దమ్మా? ఊరికే బెదరగొడతావా?”

“ఒకటి కాదులే,” అంది మస్తానమ్మ. “ప్లేటైతే హోటలాయన ఇంకోటిస్తాడు.”

పెంచల చెంగయ్య భుజం వంక చూసింది. బస్తాలకి కాయలు కాసిన భుజం. ఉత్తది పూసుకోని ఎండలో నిలబడితే బొబ్బలెక్కుద్ది. బొబ్బలెక్కిన భుజమ్మీద బస్తా పెట్టేదెట్టా? ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ భుజంతోనే.

సీసా పక్కకి జరిపింది. టీ గ్లాసుకి నిండా నువ్వుల నూనె కొలిచి, అతని కళ్ళెదురుగానే దాంట్లో నిమ్మనూనె ఇరవై చుక్కలేసి తిప్పింది.

“ఇది కలిపిందే. ఏం కలిపానో చూశావుగా? ముందు మోచేతి మడతలో ఒక చుక్క పెట్టుకోని రేపటిదాకా చూడు. మండకపోతే రాత్రిళ్ళు పూసుకో. మర్నాడు ఆ భుజం ఎండకి చూపబాక, చొక్కా కప్పుకో. కళ్ళకి తగలనియ్యబాక. పిల్లలకి అందనియ్యబాక.”

“మందా తల్లీ ఇది, మడి వంటా?” అని గొణిగి, చెంగయ్య మస్తానమ్మ వైపు తిరిగాడు. “ఎంతియ్యమంటావమ్మా?”

మస్తానమ్మ కొంగుముడి విప్పి తాళాలు బల్ల మీద పెట్టింది. “నన్నడుగుతావేందయ్యా? కొట్టామెని అడుగు.”

పెంచల రేటు చెప్పింది. చెంగయ్య బేరమాడకుండా ఇచ్చాడు, తొంభై రూపాయలు.