జంబయ్య మెడలో ఎర్రదండ

రౌద్రి నామ సంవత్సరం, ఎండాకాలం. వాగులన్నీ ఎండిపోయి, ఏరు ఒక్కటే మిగిలిన రోజులు. చింతలగట్టు అడవిలో ఎవరి నోట విన్నా ఒకటే మాట. ఏటి దిగువన తునికిబయలు అడవిలో ఈసారి ఆటలు. నాలుగేళ్లకోసారి అడవులన్నీ కలిసి ఆడుకునే ఆటలు.

ఆ ఆటలకు ఎవరికి వాళ్లు వెళ్లి మేమాడతామంటే కుదరదు. ప్రతి అడవికీ ఒక క్రీడాసంఘం ఉండాలి. ఆడేవాళ్లను ఆ సంఘమే ఏరాలి, మేపాలి, సాధన చేయించాలి, తీసుకుపోవాలి. చివరికి తునికిబయలు గుమ్మం దగ్గర అధ్యక్షుడు నిలబడి, "వీళ్లు మావాళ్లు, వీళ్లకు నేను పూచీ" అని చెప్పాలి. ఆ మాట పడకపోతే ఎంత మొనగాడైనా బయట కూర్చుని ఈలలు వేసుకోవాల్సిందే.

చింతలగట్టు సంఘానికి అధ్యక్షుడు జంబయ్య అనే నక్క. ఆయన ఏ ఆటా ఆడినవాడు కాదు. ఎన్నికనాడు చేతులెత్తమంటే ఎత్తినవాళ్లంతా ఆయన బావమరుదులు. అంతే.

ఆ ఏడు అడవి తరఫున ఈతకు ఎంపికైంది చెలమ అనే నీటికుక్క. ఒళ్లంతా అల్లరి, నీళ్లలో దిగితే మెరుపు. పుట్టి బుద్ధెరిగాక ఆమెకున్న కోరిక ఒక్కటే: తునికిబయలు మడుగులో అన్ని అడవుల ముందూ ఒకసారి ఈదాలి.

సంఘం పద్ధతి ప్రకారం ఈతగత్తె మేతకు కొంగలు రోజూ చేపలు తెచ్చిపెట్టేవి. చేపలు ముందు జంబయ్య గుహకు వెళ్లేవి. అక్కణ్నుంచి చెలమకు తలకాయలూ ముళ్లూ వచ్చేవి.

"మావా, చేపకు నడుం ఉండదా?" అని నలుగురి ముందే అడిగింది చెలమ ఒకరోజు.

"ఉంటుందమ్మాయ్. అది మంచిదో కాదో నేను తిని చూడాలి కదా. తేడా చేప తిని నీకేమన్నా అయితే అడవి పరువేం కాను?"

"రోజూ చూడాలా?"

"రోజూ పట్టే చేప ఒకటి కాదుగా! అయినా బలమంతా ముళ్లలోనే ఉంటుంది. పెద్దవాణ్ని, చెబుతున్నా విను."

చెలమ ముళ్లు నమిలి, మిగతా కడుపు తనే వేటాడి నింపుకుని, పొద్దస్తమానం సాధన చేసింది. బొర్రన్న అనే ముసలి దున్నపోతు మడుగు నడుమ నిలబడేవాడు. ఆమె ఆయన చుట్టూ తిరిగి వచ్చేది. ఈగ వాలినా కదలకుండా నిలబడటమే ఆయన నేర్పిన విద్య.

బయలుదేరే రోజు వచ్చింది. సంఘం తెప్ప రేవులో సిద్ధంగా ఉంది. దాన్ని లాగడానికి బొర్రన్న నీళ్లలో నిలబడ్డాడు. చెలమ వచ్చి చూస్తే తెప్ప మీద కాలు మోపే చోటు లేదు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, సలహాదారు, సలహాదారుకు సహాయకుడు, అందరూ నక్కలే. అధ్యక్షుడి భార్య కూడా వుంది. ఆమె హోదా ఏమిటో ఇంకా తేల్చలేదు.

"మరి నేనెక్కడ కూర్చోవాలి మావా?"

జంబయ్య నోరారా నవ్వాడు. "నీకు తెప్పెందుకే పిల్లా? ఈదేదానివి, ఈదుకుంటూ రా. సాధన చేసినట్టూ ఉంటుంది."

"పోటీకి ముందు ఒళ్లు అలిసిపోదా?" అన్నాడు బొర్రన్న.

"నువ్వు లాగవయ్యా. నీకెవరిచ్చారు సలహాదారు పదవి? అదిగో, మా బావమరిదికిచ్చాం."

"సరే, ఈదే వస్తా. గుమ్మం దగ్గర మాత్రం నా పేరు చెబుతావుగా?" అంది చెలమ.

జంబయ్య మీసం దువ్వుకున్నాడు. చేపల సంగతి నలుగురిలో అడిగిందన్న కోపం ఆయనకింకా తీరలేదు. "గుమ్మం దగ్గరికొచ్చాక చూద్దాంలే."

ఆ 'చూద్దాంలే' చెలమ గుండెలో ముల్లులా దిగింది. ముళ్లు ఆమెకు అలవాటే. గుటుక్కున మింగి నీళ్లలోకి దూకింది.

బరువెక్కువై తెప్ప ఊగుతూ ఆగుతూ వస్తుంటే, చెలమ ముందుగానే తునికిబయలు చేరింది. గుమ్మం దగ్గర కాపలా ఉన్నది గుర్రయ్య అనే ఏదుపంది. ఒళ్లంతా ముళ్లు, నోట్లో నవ్వు లేదు.

"మీ అధ్యక్షుడు చెప్పనిదే దండ లేదు. పక్కన కూర్చో," అన్నాడు.

చెలమ కూర్చుని చుట్టూ చూసింది. అక్కడి ఏర్పాటు ఇది: ఆటగాళ్లకు మోదుగపూల ఎర్రదండ, సంఘం పెద్దలకు ఆకుదండ. ఎర్రదండల పందిట్లో చేపల వేపుడు, తేనెపట్టు, పుట్టగొడుగుల పులుసు. ఆకుదండల పందిట్లో ఉడకబెట్టిన గడ్డలు. కూర్చునేవాళ్లకు అంతకన్నా ఎందుకని అక్కడివాళ్ల లెక్క.

చెలమ కళ్లు మిలమిలలాడాయి. అప్పుడే రేవుకు తగిలిన తెప్పకు ఎదురువెళ్లింది.

"మావా, ఘోరం జరిగిపోయింది! పెద్దమనుషులకు ఇక్కడ ఉడకబెట్టిన గడ్డలట. ఉప్పు కూడా లేదు. చేపల వేపుడంతా ఎర్రదండ వాళ్లకేనట. ఇంత దూరం వచ్చిన మీరు గడ్డలు తినడం నేనెలా చూడను?"

గాలి ఇటే వీస్తోంది. వేపుడు వాసన జంబయ్య ముక్కులోంచి తిన్నగా తోక దాకా పాకింది.

గుర్రయ్య ముందుకు వచ్చాడు. "మీ అడవి నుంచి ఈతకు మాత్రమే కబురొచ్చింది. ఈతగాళ్లెవరు?"

"అందరమూ," అన్నాడు జంబయ్య.

"అందరూనా? ఆ లావుపాటావిడ కూడానా?"

"ఆవిడ మా అడవికే పేరుమోసిన ఈతగత్తె. కాస్త తిన్నాక మొదలుపెడుతుంది."

"చూసుకో మరి. ఎర్రదండ వేసుకుని, ఆ పందిట్లో తిన్నవాళ్లు పొద్దున నీళ్లలో దిగాలి. తర్వాత మాట వెనక్కి తీసుకోవడం కుదరదు."

జంబయ్య బావమరిది చెవిలో గొణిగాడు. "తినేసి కాలు బెణికిందని పడుకుందాం. ఎవడొచ్చి చూస్తాడు?"

సరిగ్గా ఆ సమయానికి చెలమ గొంతెత్తింది. "అందరూ అంటే నేనూనా మావా?"

గుర్రయ్య ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. "ఏం, ఇంతమందీ ఈతగాళ్లయితే ఆ నీటికుక్క కాదా?"

కాదంటే మిగతావాళ్ల సంగతి బయటపడుతుంది. జంబయ్య పళ్లు కొరుక్కుంటూ, "దాన్నెందుకు కాదంటాను? అది మావాళ్ల పిల్లే, నేను పూచీ," అన్నాడు.

నక్కల మెడల్లోనూ, చెలమ మెడలోనూ ఎర్రదండలు పడ్డాయి. చెలమ ఒక చేపముక్క తిని నిద్రపోయింది. నక్కలు మాత్రం పందిరి ఖాళీ అయ్యేదాకా లేవలేదు.

తెల్లారింది. మడుగు చుట్టూ అడవులన్నీ చేరాయి. పిలుపు రాగానే నక్కలన్నీ ఒక్కసారిగా మూలిగాయి.

"కాలు బెణికిందయ్యా," అన్నాడు జంబయ్య.

"ఏ కాలు?"

"కుడి వెనక కాలు."

"నీకు?"

"కుడి వెనక కాలే," అన్నాడు బావమరిది.

"నీకమ్మా?"

"వీళ్లకు ఏ కాలైతే నాకూ ఆ కాలే!"

గుర్రయ్య తలూపాడు. "ఇంతమందికీ ఒకే కాలు బెణికిందంటే పెద్ద జబ్బే. దానికి మా దగ్గర ఒకటే మందు, నీళ్లు." వెనక్కి తిరిగి ముళ్లు విప్పి, నక్కల వైపు అడుగులు వేశాడు. ఆ ముళ్లు తగలగానే కాళ్లన్నీ బాగయ్యాయి. నక్కలన్నీ ఒక్క గెంతుతో మడుగులో పడ్డాయి.

చెలమ అప్పటికే ముందుకు దూసుకుపోయింది. ఆమెకు సాటిగా ఉన్నది ఒక్కటే, మొగలిరేవు అడవి నుంచి వచ్చిన నీటికుక్క. అది తెప్పలో పడుకుని వచ్చిన పిల్ల. ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ అవతలి ఒడ్డుకు వచ్చారు. ఆఖరి బారలో చెలమ భుజాలకు నిన్నటి ఏరంతా గుర్తొచ్చింది.

వెనక జంబయ్య నీళ్లు తాగుతున్నాడు. మునిగేవాళ్లను ఒడ్డుకు చేర్చే పని అక్కడ ఒక ముసలి మొసలిది. పళ్లు సగం ఊడిపోయాయని నమ్మి ఆయనకా పని ఇచ్చారు. మిగిలిన సగంతో ఆయన నక్కలను ఒక్కొక్కరినే పట్టి ఒడ్డున పడేశాడు. జంబయ్యను మాత్రం పట్టుకోవడానికి తోకే దొరికింది.

"వదలవయ్యా బాబూ, వదులు!"

"వదిలితే మునుగుతావు నాయనా. ఊరుకో," అని మొసలి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

తిరుగుప్రయాణంలో తెప్ప మీద చెలమ కాళ్లు చాపుకుని పడుకుంది. నీళ్లంటేనే హడలిపోయిన నక్కలు ఒడ్డు వెంబడి నడిచాయి. "మావా, మంచి సాధన!" అని చెలమ కేక వేసింది. బొర్రన్న జీవితంలో మొదటిసారి లాగడం ఆపి నవ్వాడు.

ఆటగాళ్ల కంచంలో చెయ్యిపెట్టే పెద్దమనిషి, వాళ్ల బరిలోకి దిగడానికీ సిద్ధపడి ఉండాలి.

ఆ ఏడు చింతలగట్టు అడవికి మొదటి స్థానం మీసం పొడవు తేడాతో పోయింది. జంబయ్యకు తోక పోయింది.