క్రోటన్లకి పురిటిగది

మొక్కల గురించి తనకి ఏమీ తెలీదన్న సంగతి నాంచారి ఇంతవరకూ పైకి అనలేదు. చిలకలకోన దేవిడీలో రాణిగారి దాసి అన్నాక, ఏది అడిగినా తెలిసినట్టే ఉండాలి మరి.

ఆ పొద్దున మాత్రం ఆ గుట్టుకి ముప్పొచ్చింది. తను పాలుపట్టి పెంచిన జింక చుక్కమ్మ, రాజుగారు సింహళం నుంచి ఓడలో తెప్పించుకున్న కుండీ మొక్కలన్నీ మేసేసింది. ఎర్ర క్రోటన్లు, గొడుగంత ఆకుల పూల అరటి, అన్నీ మోడులే.

రాజా నరసభూపతిగారు మోడుల మధ్య నిలబడి హుకుం జారీ చేశారు.

"జింకని లారీ ఎక్కించి వేట బంగళాకి తోలండి. ఇవి చిగురించకపోతే దసరా విందులో అదే కూర. చిగురింపజేసినవాళ్లు ఏమడిగితే అది ఇస్తాను."

ఆస్థాన వైద్యుడు పేరిశాస్త్రి ఉత్తరీయం సర్దుకుని ముందుకొచ్చాడు.

"నా కషాయానికి పీనుగులే లేచి కూర్చుంటాయి ప్రభూ. మొక్కలెంత?"

ఇక చూడండి సందడి. శాస్త్రి పూటపూటా కషాయం పోస్తాడు. అది వేడి చేస్తుందేమోనని దివానుగారు బిందెడు నీళ్లు గుమ్మరిస్తారు. రాజుగారేమో గంటకోసారి వచ్చి, లోపల పచ్చిగా ఉందా లేదా అని గోటితో గిల్లి చూస్తారు. మోడులు నల్లబడటం మొదలుపెట్టాయి.

జింక తిన్నదానికంటే ఈ గారాబమే వీటిని చంపేట్టుందని నాంచారికి అనిపించింది. మొక్కల జోలికి రావద్దని రాజుగారికి చెప్పే మొనగాడెవడు? ఆమె తిన్నగా రాజుగారి ముందుకెళ్లి చేతులు కట్టుకుంది.

"ఏలినవారూ, నిండు చూలాలిని పూటకి పదిమంది గిల్లితే పురుడెలా వస్తుంది?"

"మొక్కలకి పురుడా?"

"కొత్త ఆకులు కనాలి కదా ప్రభూ."

రాజుగారికి ఆ మాట తెగ నచ్చేసింది. పడమటి వసారాకి చాపలు కట్టించారు, గుమ్మానికి వేపమండలు వేలాడాయి. కుండీలన్నీ నీడకి చేరాయి. నాంచారి తనకి తోచినట్టు చీలిన కొమ్మల కొసలు శుభ్రంగా కోసేసి, మట్టి ఆరితేనే చెంబెడు నీళ్లు పోసేది. పథ్యం అనేది. మగవాళ్లు గుమ్మం తొక్కితే మైల.

కాకి నీడ పడినా తలస్నానం చేసే పేరిశాస్త్రి వసారా బయటే గింజుకున్నాడు.

"కషాయమైనా లోపలికి పంపనివ్వవే."

"అక్కడ పెట్టండి శాస్త్రిగారూ, నేను చూసుకుంటాను," అని అందుకుని కాలవలో పోసేది.

రాజుగారు చాప అవతల నిలబడి గొంతు తగ్గించి అడిగేవారు. "ఎలా ఉన్నారు?"

"ఇప్పుడే కునుకు పట్టింది ప్రభూ."

రాజుగారు చెప్పులు చేత పట్టుకుని మునివేళ్ల మీద వెనక్కి వెళ్లిపోయేవారు.

దసరా ఇంకా రానేలేదు, మోడు మోడుకీ ఎర్రటి చిగురు పొడుచుకొచ్చింది. రాజుగారి ఆనందం పట్టలేం. కొలువులోనే బారసాల అన్నారు. కుండీలకి పసుపు గుడ్డలు చుట్టి వరసగా పెట్టారు. తెర వెనక రాణిగారు, పక్కన శాస్త్రి భార్య కామేశ్వరమ్మ.

"ఈ ఘనత ఎవరిది?" అన్నారు రాజుగారు.

నాంచారి నోరు తెరిచేలోగా శాస్త్రి లేచాడు.

"నాదే ప్రభూ. వీటిలో ప్రతి ఒక్కటీ నా వల్ల పుట్టిందే. బహుమానంగా ఆ జింక చర్మం ఇప్పించండి, జపానికి కూర్చుంటాను."

చుక్కమ్మ చర్మమా అనుకుంది నాంచారి. అయినా వినయంగా వంగింది.

"నిజమే ప్రభూ. ఇన్నాళ్లకి పిల్లల తండ్రి దొరికాడు."

తెర వెనకనుంచి కామేశ్వరమ్మ గొంతు వినబడింది.

"ఏమండీ, ఇదెప్పటినుంచి?"

"శాస్త్రిగారూ, పీటల మీద కూర్చోండి," అంది నాంచారి. "తండ్రి లేకుండా పేర్లెలా పెడతాం? మైల సంగతి తర్వాత చూసుకోవచ్చు."

శాస్త్రి ఎగిరి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకేం సంబంధం లేదు ప్రభూ. నేనా గుమ్మమే తొక్కలేదు. వీటి పుట్టుకలో నా చెయ్యి లేనే లేదు. కామేశ్వరీ, నువ్వైనా నమ్మవే."

రాజుగారు నవ్వీ నవ్వీ తలపాగా ఒళ్లో పడేసుకున్నారు. చేతి బంగారు మురుగు తీసి నాంచారికిచ్చారు.

"ఇంకేం కావాలో అడుగు."

"నా చుక్కమ్మని ఇంటికి పంపించండి చాలు."

"పంపించాం అనుకో. వేట బంగళాకి కబురు రేపు వెళుతుంది."

రేపంటే? అక్కడ వంటవాడు మసాలా నూరుకుంటుంటే? నాంచారికి కాలు నిలవలేదు. దివానుగారి గదిలో వేట బంగళాకి మాట్లాడే ఫోను ఉంది. అది చెవి పట్టుకుంటుందేమోనని ఇన్నాళ్లూ దాని దరిదాపులకి పోలేదు. పట్టుకుంటే పట్టుకోనీ అనుకుని, కొంగు దోపుకుని అటు నడిచింది.