సలోమి రాసిన మాట

చీరాలలో ఒక చిన్న ఎముకల ఆసుపత్రిలో సలోమి అనే నర్సు ఉండేది. పనిలో చురుకైనదే గానీ, తనకు వచ్చినంత ఇంగ్లీషు అక్కడ ఇంకే నర్సుకీ రాదని ఆమెకు గర్వం.

ఆ గర్వం ఊరికే రాలేదు. పదో తరగతి దాకా తెలుగులో చదువుకుని నర్సింగులో చేరినప్పుడు, ఇంగ్లీషు రాక నలుగురిలో తల దించుకుంది. ఆ పట్టుదలతో ఒక చిన్న నిఘంటువు కొనుక్కుని రోజుకు నాలుగు మాటలు నేర్చుకుంది. తోటి నర్సులు కేసు షీటులో "పెయిన్" అని రాసి ఊరుకునేవారు. "ఎప్పుడూ ఆ ఒక్క మాటేనా? చదివేవాళ్ళకి మన చదువు తెలియొద్దూ?" అనేది సలోమి. వాళ్ళు నవ్వేసి తమ పని తాము చూసుకునేవారు.

ఆ వారం ఆమె విన్స్, ఫ్లించ్, క్రింజ్, రికాయిల్ అనే మాటలు నేర్చుకుంది. నాలుగింటికీ ఆమె నిఘంటువులో దాదాపు ఒకే అర్థం ఉంది: నొప్పితోగాని భయంతోగాని ముడుచుకొనుట. అర్థం ఒకటే అయినప్పుడు ఏది వాడితేనేం అనుకుంది. వాటిలో ఫ్లించ్ అన్నది ఆమె చెవికి ఇంపుగా తోచింది.

ఒకరోజు ఉదయం నాగలింగం అనే నేతపనివాడిని ఆసుపత్రికి తీసుకొచ్చారు. సైకిలు మీద నూలు కట్టలు వేసుకొస్తూ రైల్వే గేటు దగ్గర పట్టాల మీద జారిపడ్డాడు. కుడి ముంజేయి విరిగింది. డాక్టర్ మస్తాన్ వలి ఎముక సరిచేసి, మోచేయి పైదాకా పిండికట్టు వేశాడు. "చెయ్యి ఎత్తులో పెట్టుకో. వేళ్ళు ఆడిస్తూ ఉండు. ఏ తేడా ఉన్నా సిస్టరుకి చెప్పు" అని, ఇంకొకరికి తుంటి ఆపరేషను చేయడానికి థియేటరులోకి వెళ్ళిపోయాడు.

నాగలింగం మాటలు తక్కువ మనిషి. పన్నెండింటికి సలోమి అతని మంచం దగ్గరికి వచ్చింది. పక్కనే అతని భార్య తిరుపతమ్మ కూర్చుని ఉంది.

"వేళ్ళు ఆడించండి" అంది సలోమి.

అతను ప్రయత్నించాడు. వేళ్ళు సరిగా కదల్లేదు. సలోమి అతని నడిమి వేలు పట్టుకుని మెల్లగా చాపింది. అతని కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. పళ్ళు బిగుసుకున్నాయి. నుదుట చెమట పట్టింది. నోట్లోంచి చప్పుడు మాత్రం రాలేదు.

"అంత భయపడితే ఎలాగండీ?" అంది సలోమి.

అతను ఏదో చెప్పబోయి మానేశాడు. ఇంకా ముగ్గురికి కట్లు మార్చాల్సి ఉండడంతో ఆమె నిలబడలేదు. వేళ్ళు ముట్టుకుంటే ఫ్లించ్ అవుతున్నాడని ఇంగ్లీషులో అందంగా రాసి వెళ్ళిపోయింది.

అరగంట తర్వాత తిరుపతమ్మ వచ్చింది. "సిస్టరమ్మా, సూది వేసినా ఆయనకి పోటు తగ్గలేదు. డాక్టరు గారికి ఓ మాట చెప్పమ్మా" అంది.

సలోమి థియేటరుకు ఫోను చేసింది. అక్కడి నర్సు డాక్టరును అడిగి, "చేతులు ఖాళీ లేవు, షీటులో ఏం రాసి ఉందో చదవమంటున్నారు" అంది. సలోమి చదివింది. కాసేపటికి జవాబు వచ్చింది. "ముట్టుకోబోతే భయపడుతున్నాడన్నమాట, కొత్త కట్టుకి అది మామూలే అంటున్నారు. ధైర్యం చెప్పమన్నారు. ఆపరేషను అయ్యాక వచ్చి చూస్తారట."

ఆపరేషను అయ్యేసరికి ఇంకా రెండు గంటలు పడుతుంది.

"ఏం ఫరవాలేదంటమ్మా. భయం వల్ల అలా ఉంటుందట" అని సలోమి తిరుపతమ్మకు చెప్పింది.

తిరుపతమ్మ అక్కడినుంచి కదల్లేదు. "ఆయనకి భయమా?" అంది. "మా మగ్గం గుంటలోకి తాచుపాము దూరితే, అది వెళ్ళేదాకా కాళ్ళు కదపకుండా కూర్చున్న మనిషమ్మా. మీరు వేలు చాపినప్పుడు నేను చూస్తూనే ఉన్నాను. చెయ్యి వెనక్కి లాక్కోలేదు. మొహం ముడుచుకుపోయింది, అంతే."

సలోమికి కోపం వచ్చింది. చదువురాని మనిషి నాకు చెప్పడమేమిటి అనుకుంది. కానీ చెయ్యి వెనక్కి లాక్కోలేదన్న మాట దగ్గర ఆమె మనసు ఆగిపోయింది. అది నిజం. ఆమె మంచం దగ్గరికి వెళ్ళి, నాగలింగం చేతి దాకా తన చేతిని నెమ్మదిగా తీసుకెళ్ళింది. అతను బెదరలేదు, చూస్తూ ఉన్నాడు.

"నేను ముట్టుకుంటానంటే భయంగా ఉందాండీ?" అని అడిగింది.

"భయమెందుకమ్మా. ముట్టుకుంటే ఏం కాదు. వేలు చాపితేనే లోపల నరాలు తెగుతున్నట్టుంది. ఇందాకటికన్నా ఇప్పుడు ఎక్కువైంది" అన్నాడు.

"మరి ఇందాకే చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకున్నాను. మీరు భయం అనేశారు. ఇంకేం చెప్పను?"

సలోమి అతని వేళ్ళు పట్టుకు చూసింది. చల్లగా ఉన్నాయి. గోళ్ళు పాలిపోయాయి. చిటికెన వేలి కొస గిల్లితే అతనికి తెలియలేదు.

వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఏం చెప్పాలి? ఇప్పుడే నొప్పి మొదలైందని చెబితే తన తప్పు బయటపడదు. షీటులో ఇంకో వరస చేర్చితే చాలు. కానీ అప్పుడు డాక్టరు ఇదంతా ఇప్పుడే మొదలైందనుకుంటాడు. ఆ చేతికి ఇంకెంత సమయం మిగిలిందో ఎవరికి తెలుసు? నేతపనివాడికి చెయ్యి పోతే ఏం మిగులుతుంది?

ఆమె ఫోను దగ్గరికి వెళ్ళలేదు. గబగబా థియేటరు తలుపు దగ్గరికి నడిచింది.

"సార్, నేను రాసిన మాట తప్పు. అతనిది భయం కాదు, నొప్పి. పన్నెండింటికే ఉంది. ఇప్పుడు వేళ్ళు చల్లబడ్డాయి" అంది.

"వేలు చాపితే నొప్పా?"

"అవును సార్."

డాక్టరు మరో మాట అడగలేదు. ఆపరేషను పక్కనున్న డాక్టరుకు అప్పగించి బయటికి వచ్చాడు. పిండికట్టును పైనుంచి కిందిదాకా కోసి విడదీశాడు. లోపలి దూదినీ చీల్చాడు. కట్టు కింద చెయ్యి వాచి, రాయిలా బిగిసి ఉంది. కొంతసేపటికి గోళ్ళకు మెల్లగా ఎరుపు వచ్చింది.

"బరువు దిగినట్టుంది" అన్నాడు నాగలింగం.

సాయంత్రం డాక్టరు సలోమిని పిలిచాడు. ఆమె తిట్లకు సిద్ధపడి వెళ్ళింది. ఆయన తిట్టలేదు.

"దెబ్బ తగలకముందే జంకి పక్కకు తప్పుకుంటే ఫ్లించ్. తగిలిన నొప్పికి మొహం చిట్లిస్తే విన్స్. సిగ్గుతోనో, ఒకరి ముందు బెదిరో కుంచించుకుపోతే క్రింజ్. పాముని చూసినట్టు వెనక్కి గెంతితే రికాయిల్" అన్నాడు. "తెలుగులో జంకాడు, ఉలిక్కిపడ్డాడు, విలవిల్లాడాడు అన్నీ ఒకటేనంటే నువ్వు ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను సార్."

"కట్టు లోపల వాపు బిగిసినప్పుడు ముందు తెలిసేది ఆ నొప్పే. నువ్వు రాసిన మాటలో ఆ నొప్పి లేదు. అందుకే నేను రాలేదు. నేనూ ఇంకో ప్రశ్న అడిగి ఉండాల్సింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఆ చెయ్యి దక్కేది కాదు. తప్పు అని చెప్పడానికి వచ్చావు కదా, అది మంచి పని చేశావు" అన్నాడు.

వాపు తగ్గాక మళ్ళీ కట్టు వేసి, ఎముక అతుక్కున్నాక విప్పారు. నాగలింగం చెయ్యి నిలిచింది గానీ, చిటికెన వేలు పూర్తిగా చాపడానికి రాలేదు. మొద్దుబారిన దాని కొస అలాగే ఉండిపోయింది. తెగిన పోగులు ముడివేయడం అతను మిగతా వేళ్ళతో మళ్ళీ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

కట్టు విప్పిన రోజు సలోమి అతని దగ్గరికి వచ్చింది. "ఆ వేలు నా వల్లే అలా అయిందండీ. మీరు చెప్పేది వినకుండా రాశాను" అంది.

నాగలింగం వేలి వైపు చూసుకున్నాడు. "అవునమ్మా, మీ వల్లే" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "నాలుగు మిగిలాయంటే, అదీ మీ వల్లే" అన్నాడు.

సలోమి ఆ తర్వాత కూడా కొత్త మాటలు నేర్చుకుంటూనే ఉంది. కానీ ఏది రాసేముందైనా రోగి పక్కన కాసేపు కూర్చుని, "ఎలా ఉంది? మీ మాటల్లో చెప్పండి" అని అడిగేది. చాలాసార్లు షీటులో "పెయిన్" అనే రాసేది.

నీతి: ఎదుటివారి బాధకు మన గొప్ప చాటుకునే మాట వెతకకూడదు, వారిని చూసి, అడిగి, విన్నాకే ఆ బాధకు పేరు పెట్టాలి.