రేచుకుక్కల రాయబారం

తునికికోన అనే అడవిలో దుప్పులు, కణుజులు, కుందేళ్ళు, అడవిపందులు, ఏదుపందులు కాపురం ఉండేవి. ఆ కోన నడుమ పాలమడుగు అని ఒక మడుగు ఉండేది. ఎంత మండువేసవిలోనైనా అందులో నీళ్ళు ఇంకేవి కావు. ఆ నీళ్ళు ఎవరి సొత్తూ కాదు. దాహం వేసినవాళ్ళు వచ్చేవాళ్ళు, తాగేవాళ్ళు, తమ దారిన పోయేవాళ్ళు.

ఒక కరువు ఏడాది ఎర్రగుట్టల అవతలి నుంచి రేచుకుక్కల మంద ఒకటి కోనలోకి దిగింది. మొత్తం ముప్పై కుక్కలు. వాటి నాయకుడు వాడికోర. తనని అందరూ ‘దొరా’ అని పిలవాలని అతని పట్టు.

వాడికోర మడుగు ఒడ్డున ఉన్న ఎత్తైన బండ ఎక్కి ఇలా చాటాడు.

"ఈ పూట నుంచి ఈ మడుగు మాది. మిట్టమధ్యాహ్నం, మేము చూస్తుండగా వచ్చి తాగండి. వేరే వేళ ఇక్కడ కాలు పెట్టిన ప్రాణి మళ్ళీ వెనక్కి పోదు."

మధ్యాహ్నం వచ్చినవాళ్ళకైనా మేలు జరిగిందా అంటే అదీ లేదు. తాగడానికి తల వంచిన మందలో నీరసంగా ఉన్నది ఏదో చూసుకుని, కుక్కలు దాన్ని లాక్కుపోయేవి. మిగతావి సగం దాహంతోనే పరుగు తీసేవి.

కోనలో పోలి అనే ఏదుపంది ఉండేది. ఒడ్డూ పొడుగూ ఉన్నది కాదు, గట్టిగా మాట్లాడేది కూడా కాదు. కానీ తవ్వడం తెలిసినది. కుక్కలు పరుగెత్తే బాటల్లో పోలి గోతులు తవ్వింది. అడుగున తన రాలిన ముళ్ళు నిలబెట్టి, పైన తునికాకులు పరిచింది. తవ్వే పని అడవిపందులకి నేర్పింది. కొండ మీద రాళ్ళ సందుల్లో చెమ్మ ఎక్కడుందో వాసన పట్టి, అక్కడ చెలమలు తీయించింది. గుక్కెడు గుక్కెడుగానైనా మందలు అక్కడే తాగడం మొదలుపెట్టాయి. మడుగు వైపు రావడం మానేశాయి.

వాడికోరకి ఒళ్ళు మండింది. "ఆ దొంగదాన్ని పట్టి తెచ్చే భారం నీదే" అని జేగురు అనే కుక్కని పిలిచి చెప్పాడు.

మందలో వాసన పట్టడంలో జేగురుని మించినవాడు లేడు. పని ఒప్పుకుంటే సగంలో విడిచే రకం కాదు. రెండేళ్ళ పాటు అతను పోలిని వేటాడాడు. పదిహేడు బొరియలు తవ్వాడు. ప్రతి బొరియకీ రెండో దారి ఉండేది, పోలి ఆ దారిన ఎప్పుడో వెళ్ళిపోయి ఉండేది. ఒక బొరియ మాత్రం తవ్వుతుండగానే కూలింది. దాని కింద పోలి పెనిమిటి నలిగి చచ్చిపోయాడు. అదే ఏడాది జేగురు తమ్ముడు పోలి గోతిలో పడ్డాడు. మూడు రోజులు మూలిగి ప్రాణం విడిచాడు.

వేటగాడికి తన వేట సంగతి తెలిసినంతగా దాని చుట్టాలకి కూడా తెలియదు. పోలి ఏ దుంపలు తింటుందో, ఏ వేళకి పిల్లలతో బయటికి వస్తుందో జేగురుకి తెలుసు. గొయ్యి తవ్విన ప్రతిచోటా పక్కనే ఒక కొమ్మ వంచి పెడుతుందనీ, దుప్పిపిల్లలు పొరపాటున అందులో పడకుండా అది గుర్తనీ తెలుసు. ఆ వంచిన కొమ్మల సంగతి అతను వాడికోరకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అతనికే సరిగా తెలియదు.

మూడో వేసవి వచ్చింది. మడుగు నిండా నీళ్ళున్నాయి, కుక్కల కడుపులే ఖాళీ. వేట దొరకడం లేదు. మిగిలిన కుక్కల్లో పదకొండు ముళ్ళు దిగి కుంటుతున్నాయి. కూనల పక్కటెముకలు పైకి కనిపిస్తున్నాయి.

ఒకరోజు వాడికోర జేగురుని పిలిచి అన్నాడు.

"వెళ్ళి పోలమ్మతో మాట్లాడిరా."

నిన్నటి దాకా ‘దొంగది’. ఇవాళ ‘పోలమ్మ’. జేగురు ఆ మార్పు గమనించాడు.

"నన్నే ఎందుకు పంపుతున్నారు దొరా? నా పేరు వింటేనే ఆమెకి కోపం."

"ఆమె ఎక్కడుంటుందో నీకు తప్ప ఇంకెవరికి తెలుసు?"

జేగురు ఒంటరిగా కొండెక్కాడు. వంచిన కొమ్మ కనబడిన చోట ఆగి, నేల మీద కూర్చుని పిలిచాడు. చాలాసేపటికి బండ వెనక నుంచి ముళ్ళు గలగలమన్నాయి.

"పదిహేడు బొరియలు తవ్వినవాడివి. ఇవాళ గుమ్మం బయట కూర్చుని పిలుస్తున్నావేం?" అంది పోలి.

"అప్పుడు పిలిస్తే వచ్చేవారా అమ్మా?"

"ఇప్పుడు మాత్రం వచ్చానని ఎవరన్నారు? అక్కడి నుంచే మాట్లాడు. మీలో ఎంతమంది కుంటుతున్నారు?"

"అది నేను చెప్పకూడదు."

"నువ్వు చెప్పకపోతేనేం, మీ అడుగుజాడలు చెబుతున్నాయి" అంది పోలి. తర్వాత, "మా ఆయన మీద మన్ను కూల్చింది నువ్వే కదూ" అని అడిగింది.

"నేనే" అన్నాడు జేగురు. "మా తమ్ముడు పడింది మీ గోతిలోనే."

గాలికి ఎండుటాకులు ఇద్దరి మధ్యా దొర్లాయి.

"ఈ మాట పట్టుకు కూర్చుంటే మనిద్దరికీ తెల్లారదు" అంది పోలి చివరికి. "నీళ్ళ సంగతి మాట్లాడు."

పోలి అడిగినవి ఎక్కువేమీ కాదు. మడుగు తూర్పు ఒడ్డు మందలకి విడవాలి. ఏ వేళప్పుడైనా వచ్చి తాగనివ్వాలి. మడుగు కనుచూపు మేరలో ఎవరూ ఎవరినీ వేటాడకూడదు.

"అడవిలో మీరు వేటాడితే కాదనను" అంది. "ఆకలి మీకు ఎవరినో అడిగి పుట్టింది కాదు. బయట పరుగెత్తి పట్టుకోండి. చేతనైనవాళ్ళు తప్పించుకుంటారు. నీళ్ళకి తల వంచినవాళ్ళని మాత్రం పట్టకండి. ఇది ఒప్పుకుంటే గోతులన్నీ నేనే పూడ్పిస్తాను."

జేగురు కిందికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. వాడికోర ఆ ఒడ్డులో సగమే ఇస్తానన్నాడు. తర్వాత ఉదయం పూట మాత్రం ఇస్తానన్నాడు. జేగురు మూడుసార్లు కొండ ఎక్కాడు, మూడుసార్లు దిగాడు. పోలి మాట మారలేదు. ఆఖరికి వాడికోర అన్నీ ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద.

"ముందుగా పోలమ్మ ఒక్కతే వచ్చి మడుగులో నీళ్ళు తాగాలి. మా మీద నమ్మకం ఉందని నలుగురికీ తెలియాలి కదా."

ఈ కబురు విని పోలి జేగురుని తేరిపార చూసింది.

"మీ దొర మాట మీద నిలబడతాడా?"

జేగురు దాచకుండా చెప్పాడు. "ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు. నా మాట మటుకు నేనిస్తాను. మడుగు దగ్గర మీ ఒంటి మీద ఈగ కూడా వాలదు."

"సరే. నువ్వు నా వెంటపడ్డ రెండేళ్ళలో ఎన్నోసార్లు నా పిల్లలు నీ నోటి దగ్గరికి వచ్చారు. నువ్వు ముట్టుకోలేదు. రేపు పొద్దెక్కాక వస్తాను."

మర్నాడు పొద్దున్న వాడికోర జేగురుని పక్కకి తీసుకెళ్ళాడు.

"పోలి నీళ్ళకి వంగినప్పుడు నేను తోక ఊపుతాను. నలుగురు పక్క నుంచి వచ్చి దాన్ని వెల్లకిలా తిప్పేయాలి. కడుపు మీద దానికి ముళ్ళుండవు. నువ్వు దాని పక్కనే ఉంటావు కాబట్టి అనుమానపడదు."

జేగురు ఒక అడుగు వెనక్కి వేసి అన్నాడు. "దొరా, నేను మాటిచ్చాను."

"దొంగకి ఇచ్చిన మాట ఒక మాటేనా?"

"దొంగే అనుకోండి. గోతులు తవ్వడం ఆమె ఇప్పటికే కోనంతా నేర్పింది. ఆమె పోతే గోతులు పోవు. ఆపమని చెప్పగలిగినది ఆమె ఒక్కతే. ఆమెని చంపితే రేపు మనం ఎవరితో మాట్లాడాలి?"

"మాట్లాడాల్సిన పనే ఉండదు. తల తెగితే ఒళ్ళు అదే పడుతుంది" అని నవ్వి, వాడికోర బండ మీదికి ఎక్కాడు.

జేగురు అక్కడే నిలబడిపోయాడు. వాడికోర పెట్టిన తిండి తిని పెరిగినవాడు. మందని ఎదిరించిన కుక్క ఒంటరిదై ఎలా చస్తుందో ఎరిగినవాడు. పోలికి ఎదురువెళ్ళి ‘రావద్దు’ అని చెబుదామా అనుకున్నాడు. చెబితే ఆమె బతుకుతుంది. కానీ ఆ తర్వాత ఇక ఎన్నటికీ ఎవరూ కొండ దిగరు, కూనలు ఆకలితో పోతాయి. అతను ఇలా ఆలోచిస్తుండగానే తూర్పు ఒడ్డున ముళ్ళు గలగలమన్నాయి.

పోలి ఒక్కతే వస్తోంది. దూరంగా కొండ అంచున దుప్పులూ కణుజులూ ఊపిరి బిగబట్టి చూస్తున్నాయి. కుక్కలు రెండు వరసలుగా నిలబడి దారి ఇచ్చాయి. పోలి అటూ ఇటూ చూడకుండా నడిచి మడుగు చేరింది. బండ మీద కూర్చున్న వాడికోర, "కింద నిలబడి దణ్ణం పెట్టు ముందు" అన్నాడు.

"ఎత్తు చోటు నీకే ఉండనీ. నేను వచ్చింది నీళ్ళకి" అని పోలి మడుగు మీదికి వంగింది.

వాడికోర తోక ఊపాడు.

నాలుగు కుక్కలు కదిలాయి. వాటికంటే ముందు జేగురు కదిలాడు. పోలి పక్కన అడ్డుగా నిలబడి, ఆమె మూతి పక్కనే తన మూతి పెట్టి నీళ్ళు తాగాడు. తర్వాత తల ఎత్తి, మంద అంతటికీ వినబడేలా అన్నాడు.

"ఈమెని నా మాట మీద పిలిచాను. ఈమెని తిప్పాలంటే ముందు నన్ను తిప్పండి. ఆ తర్వాత మళ్ళీ ఎండాకాలమంతా గోతుల్లో పడి చద్దురుగాని."

నాలుగు కుక్కలూ ఆగాయి. అందులో ఒకటి కుంటికాలు నేల మీద ఆనించలేక ఎత్తి పట్టుకుని ఉంది. అది వాడికోర వైపు చూసింది, జేగురు వైపు చూసింది, మెల్లగా వెనక్కి జరిగి కూర్చుంది. దాన్ని చూసి మిగతా మూడూ కూర్చున్నాయి. వరసల్లో ఉన్నవి కూడా ఒక్కొక్కటే కూర్చున్నాయి.

"లేవండి! నా మాట వినబడటం లేదా?" అని వాడికోర అరిచాడు.

ఒక్క కుక్క కూడా లేవలేదు. ఎదుటివాళ్ళకిచ్చిన మాటకే విలువ ఇవ్వని దొర, రేపు తమకిచ్చిన మాటకి విలువ ఇస్తాడా అని వాటికి తోచింది.

అంతమందిలో పరువు పోయిందన్న ఉక్రోషంతో వాడికోర కళ్ళు మూసుకుపోయాయి. బండ మీది నుంచి తానే దూకాడు. పోలి చటుక్కున వీపు అతని వైపు తిప్పి ముళ్ళు నిక్కబొడిచింది. వాడికోర తెరిచిన నోటితో వాటి మీదే పడ్డాడు. నాలుక మీదా, దవడల్లోనూ ముళ్ళు దిగాయి. మూలుగుతూ ఎర్రగుట్టల వైపు పారిపోయాడు. అతని వెంట ఒక్క కుక్క కూడా వెళ్ళలేదు. ఆ నోటితో అతను మళ్ళీ వేటాడలేకపోయాడు. వానలు పడేలోపే ఆ గుట్టల్లో పస్తులుండి చచ్చిపోయాడని రాబందుల వల్ల తెలిసింది.

పోలి మళ్ళీ మడుగు మీదికి వంగి, మిగిలిన దాహం తీర్చుకుంది.

"గోతులు ఎల్లుండికల్లా పూడతాయి" అంది జేగురుతో.

"తూర్పు ఒడ్డు ఇప్పుడే మీది" అన్నాడు జేగురు.

మంద జేగురుని నాయకుడిగా ఎన్నుకుంది. తనని దొరా అని పిలవవద్దన్నాడు. కుక్కలు అడవిలో పరుగెత్తి వేటాడాయి. కొన్ని రోజులు దొరికింది, కొన్ని రోజులు దొరకలేదు. కూనలు మాత్రం బతికి బట్టకట్టాయి.

పోలీ జేగురూ స్నేహితులు కాలేదు. ఆమెకి పెనిమిటి గుర్తొచ్చేవాడు, అతనికి తమ్ముడు గుర్తొచ్చేవాడు. మడుగు దగ్గర ఎదురుపడితే ఒకరికొకరు తల ఊపి, ఎవరి ఒడ్డున వాళ్ళు తాగేవాళ్ళు.

మరుసటి ఏడు ఒక పడుచు కుక్క దుప్పిని తరుముతూ తూర్పు ఒడ్డు దాకా వచ్చింది. పోలి నోరు తెరిచేలోపే జేగురు దాని మెడ పట్టి ఈడ్చుకుపోయి, మూడు రోజులు మంద నుంచి వెలివేశాడు. దుప్పులు ఇదంతా చూశాయి. అంతవరకూ అవి గుక్కగుక్కకీ తల ఎత్తి దిక్కులు చూస్తూ తాగేవి. ఆ రోజు నుంచి కడుపు నిండేదాకా తల ఎత్తకుండా తాగడం నేర్చుకున్నాయి.

నీతి: శత్రువుకిచ్చినదైనా మాట మాటే. ఆ మాట తప్పినవాడిని అందరికంటే ముందు విడిచిపెట్టేది తనవాళ్ళే.