రోకలి పడ్డాక వచ్చిన చంద్రుడు

అనగనగా ఒక ఊళ్ళో, తూర్పున పెద్ద కొండ అడ్డంగా పడుకున్న ఊళ్ళో, కాశమ్మ అని ఒక పిల్ల ఉండేది. ఆ పిల్ల కడుపులో ఒక మాట ఉండేది. దాన్ని ఎన్నడూ పైకి అనలేదు. తలగడతో కూడా చెప్పుకోలేదు. ఏం మాటో తెలుసా? "మా అమ్మ ఆ గ్రహణం చూడకుండా ఉంటే నాకీ పెదవి వచ్చేది కాదు."

కాశమ్మ పై పెదవి పుట్టుకతోనే చీలి ఉంది. గ్రహణం మొర్రి అనేవాళ్ళు. చిన్నప్పుడే ఆసుపత్రిలో కుట్టేశారు, సన్నటి గీత మిగిలింది. కడుపుతో ఉన్న తల్లి గ్రహణం చూస్తే బిడ్డకట్లా అవుతుందని ఊరి నమ్మకం. కాశమ్మ సగం నమ్మింది, సగం నమ్మలేదు. ఆ నమ్మిన సగమే గుచ్చుకునేది.

వాళ్ళమ్మ నాసరమ్మ ఒంగోలులో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. కాశమ్మేమో ఊళ్ళో నాయనమ్మ దగ్గర. ఆదివారం ఆదివారం అమ్మ ఫోన్ చేసేది. కాశమ్మ "ఊ" అనేది, "ఆ" అనేది, "సరే" అనేది. ఆ మూడు మాటలే. తనంతట తాను మాత్రం ఒక్కసారీ చెయ్యలేదు.

కాశమ్మకు కుదురు తక్కువ. బడి ఆరుతోనే ఆగినా, బజ్జీలు చుట్టిన కాగితం కూడా నూనె తుడిచి చదివేది. అట్లా ఒకనాడు పంచాంగం తిరగేస్తే కనబడింది, రెండు నెలల్లో చంద్రగ్రహణం. చంద్రుడు గ్రహణం పట్టుకునే పైకొస్తాడంట, ఏడింటికల్లా విడుస్తుందంట.

"నా పెదవి కరిచాడంటున్న ఆ గ్రహణం చంద్రుణ్ణి నేనూ ఒకసారి చూడాలి," అనుకుంది. ఎర్రగా ఉంటాడా? నల్లగా ఉంటాడా? చూస్తే ఒళ్ళు జలదరిస్తుందా? అది తేలితే గానీ, అమ్మ మీద పెట్టుకున్న ఆ మాట ఉంచాలో తీసెయ్యాలో తేలదు.

మరి ఎక్కడ నిలబడి చూడాలి?

మొదట, ముందు నెల పున్నమినాడు, తమ వాకిట్లోనే నిలబడి చూసింది. పొద్దుగుంకింది. దీపాలు పెట్టారు. అన్నాలు తిన్నారు. అప్పుడు గానీ చంద్రుడు కొండ దాటి రాలేదు. గడియారం చూస్తే ఏడున్నర. "నీకోసం కూర్చుంటే గ్రహణం అయిపోతుందిలే," అని మూతి తిప్పుకుంది.

ఆ తర్వాత ఊరి మంచినీళ్ళ ట్యాంకెక్కింది. అక్కడి నుంచి ఆకాశం సినిమా తెరలా ఉంటుందని అందరూ చెప్పారు మరి. ఉంది, తెరలానే ఉంది. కానీ పడమట! వాళ్ళు చెప్పింది సూర్యుడు దిగే చోటు. పున్నమి చంద్రుడు ఎదురుపక్క ఎక్కుతాడు కదా. ఇటు తిరిగితే అదే కొండ, అడ్డంగా, దున్నపోతులా.

అప్పుడు కొండ చుట్టి అవతలికే నడిచింది. అక్కడ పలకల గని ఉంది. బడిపిల్లల పలకలకు రాయి తీసే గని. పనికిరాని రాతి ముక్కలన్నీ గుట్టగా పోశారు. గుట్ట మీద గాలెమ్మ అనే ముసలమ్మ రాయి చెక్కుతోంది, పక్కన చూలు మేక.

"ఏందే మొర్రిపిల్లా, ఇంత దూరమొచ్చావు?"

"చంద్రుడికి చోటు వెతుకుతున్నా అవ్వా."

"ఆయనకు ఆకాశం చాల్లేదంటనా?"

కాశమ్మ గుట్టెక్కి తూర్పుకు చూసింది. కొండ వెనకబడిపోయింది. ముందు మిరప చేలు, చేల చివర ఆకాశం అంచు. మధ్యలో అడ్డం ఏమీ లేదు. చోటు దొరికింది!

గ్రహణం రోజొచ్చింది. నాయనమ్మ ఊరగాయ జాడీల మీద దర్భలేసింది. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది. "విడుపు కాగానే ఇది పడుతుంది. అందాకా గడప దాటావో, కాళ్ళిరగ్గొడతా!"

ఏంటి బుజ్జీ? రోకలి నిజంగా నిలబడుతుందా అనా? అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుందిలే. కానీ మా నాయనమ్మలకు ఆ మాట చెప్పకూడదు.

కాశమ్మ పెరటి దారిన జారుకుని గుట్టెక్కింది. చేల అంచున చంద్రుడు పైకొచ్చాడు. ఎట్లా ఉన్నాడంటే, తోమని రాగి చెంబులా ఉన్నాడు. ఆ తర్వాత ఎవరో చింతపండు పెట్టి ఒక పక్కనుంచి తోముతున్నట్టు మెల్లగా తెల్లబడ్డాడు. కరవలేదు. జలదరింపూ రాలేదు. భలే ఉన్నాడు, అంతే.

గాలెమ్మ పక్కనున్న చూలు మేక కూడా అటే చూస్తోంది. "దాని పిల్లలకేమీ కాదా అవ్వా?"

"ఎన్ని గ్రహణాలు చూశాయో మా మేకలు. ఒక్క మొర్రి పిల్లా పుట్టలేదు."

"మరి నేను కడుపులో ఉన్నప్పటి గ్రహణమో?"

"అదీ ఇట్లాగే. పట్టుకుని పుట్టాడు, ఈ వేళకే విడిచాడు. గని పని దిగి ఇక్కణ్ణించే చూశా. మీ అమ్మ నిండు నెలలది, మీ వాకిలి దాటే ఓపికెక్కడిది?"

"అమ్మ మా వాకిట్లోనే ఉందా?" కాశమ్మ కొండకేసి తిరిగింది. "మా వాకిట్లో రోకలి పడ్డాక గదా అవ్వా చంద్రుడు కొండ దాటేది! అమ్మ ఎట్లా చూసింది?"

గాలెమ్మ ఉలి పక్కన పెట్టింది. "ఇన్నేళ్ళకు నీకొక్కదానికే తట్టిందే ఆ ముక్క."

"మరి చూశానని అమ్మే చెప్పిందంటగా!"

"నీ పురుడు పోసి నిన్ను పట్టింది ఈ చేతులే. మీ నాయనమ్మ నీ మూతి చూసి, పిల్లది నష్టజాతకం, ఎవరికైనా ఇచ్చేద్దాం అంది. అప్పుడు మీ అమ్మ, పచ్చి బాలింత, లేచి కూర్చుంది. 'జాతకానికేం కాదు, తప్పు నాది, నేనే గ్రహణం చూశా' అంది. తప్పు తల్లిదైతే ఇంక పిల్లనెందుకిస్తారు?"

కాశమ్మ పెదవి మీది గీతను వేలితో తడుముకుంది. కొండ అవతల, వాళ్ళ వాకిట్లో, రోకలి పడిపోయే ఉంటుంది. చంద్రుడింకా రాలేదు అక్కడికి.

ఆ రోజు ఆదివారం కాదు, గురువారం. అమ్మ ఫోన్ రాదు. అయితేనేం? "ఈసారి నేనే చేస్తా," అనుకుంది కాశమ్మ. ఊ, ఆ, సరే కాకుండా నాలుగో మాట ఒకటి వెతుక్కుంటూ, ఓణీ కొంగున ముడేసిన ఫోన్ విప్పింది.

రోకలమ్మ పడిపోయె, చందమామ పైకి వచ్చె,
కథ కంచి దారి పట్టె, కంటికేమో కునుకు పట్టె!