చింతగింజలూ చేతికర్రా

కృష్ణ ఒడ్డున ఉన్న ఆ భిక్షుణుల విహారంలో నాలుగు దేశాల ఆడపిల్లలు చదువుకునేవారు. వాళ్ళలో ఎవరికి ఈ చోటు తమదనిపిస్తోందో, ఎవరికి అనిపించడం లేదో కనిపెట్టే పని సుదత్త మీద పడింది. దూరదేశాలకు పోయే వర్తకుల బండ్లు ఎల్లుండి కదులుతాయి. ఇక్కడ ఇమడలేని పిల్ల ఉంటే వాటిలో ఇంటికి పంపెయ్యాలి.

సుదత్త పద్ధతైన మనిషి. ఒక్కొక్క పిల్ల చేతిలో ఐదేసి చింతగింజలు పోసి, ముందొక మూకుడు పెట్టింది.

"ఇది పూర్తిగా నా చోటే అనిపిస్తే ఐదూ వెయ్యండి. అంత అనిపించకపోతే తగ్గించండి" అని చెప్పింది.

మధ్యాహ్నం ఆ సంగతి చెప్పడానికి గురువుగారి దగ్గరికి వెళ్ళింది. ఆ పెద్ద భిక్షుణి ఉత్పల థేరికి ఎనభై దాటాయి. పిల్లలంతా ఆవిడని అవ్వా అనే పిలుస్తారు.

"సింహళం నుంచి వచ్చిన పాలిత ఐదూ వేసిందమ్మగారూ. దాని గురించి దిగుల్లేదు. కశ్మీరం పిల్ల శారికతోనే వచ్చింది చిక్కు. ఏడాదిన్నరగా ఉంటోందా, ఒక్కటంటే ఒక్కటి వేసింది. అదేమే అంటే, వేశాను కదా, ఒకటి చాలదా అంది. పంపెయ్యడమే మంచిదేమో."

"అందరికీ ఒకే రకం గింజలిచ్చావా?"

"ఒకే చెట్టువి. ఏరి మరీ ఇచ్చాను" అంది సుదత్త కాస్త గర్వంగా.

ఆవిడ లేవబోయి, చుట్టూ తడుముకుంది.

"నా కర్ర ఏదీ?"

"ఎక్కడ పెట్టారు?"

"మర్చిపోయాను. పద, పిల్లల్ని అడుగుదాం."

సుదత్త భుజం పట్టుకుని ఆవిడ వసారాలోకి వచ్చింది. పిల్లలు మునగాకు దూస్తున్నారు.

"నా కర్ర కనబడటం లేదర్రా."

పాలిత చప్పున లేచి చేతులు కట్టుకుని నిలబడింది. "ఎక్కడుందో సెలవివ్వండి, తెచ్చిపెడతాను."

శారిక తల కూడా ఎత్తలేదు. "కుక్క దూరుతోందని పొద్దున వంటింటి తలుపుకి అడ్డం పెట్టించారు కదవ్వా. రోజూ నేనే గుర్తుచెయ్యాలా? వస్తూ వస్తూ ఆ చేట కూడా పట్రండి, ఎటూ అటే వెళ్తున్నారు."

"అవ్వతో మాట్లాడే తీరేనా అది?" అంది సుదత్త.

ఉత్పల థేరి నవ్వుతూ వంటింటికి వెళ్ళి, కర్రా చేటా రెండూ తెచ్చింది. చేట శారిక ముందు పెట్టి, పాలిత పక్కన కూర్చుంది.

"నువ్వు ఐదూ వేశావట కదే."

"పెద్దవాళ్ళు పెట్టిన పాత్రని మా వైపు వెలితిగా ఉంచరవ్వగారూ."

"నీ బట్టల మూట ఎక్కడ సర్దుకున్నావు?"

పాలిత మళ్ళీ మునగాకు అందుకుంది. పక్క పిల్ల చెప్పింది. "అది ఇంకా విప్పనే లేదవ్వా. తలకింద పెట్టుకుని పడుకుంటుంది."

సుదత్త ముఖం వాడిపోయింది.

"పాలితా, రేపట్నుంచి నా కర్ర వెతికిపెట్టే పని నీది. శారికకి విసుగొచ్చేసింది" అంది ఉత్పల థేరి.

తిరిగి వెళ్తుంటే సుదత్త మెల్లగా అడిగింది. "కర్ర సంగతి నిజంగానే మర్చిపోయారా అమ్మగారూ?"

"ఏమో, గుర్తు లేదు."

వర్తకుల బండ్లు శారిక లేకుండానే వెళ్ళిపోయాయి.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు గురువుగారి గది పక్కనుంచి వెళ్తున్న సుదత్తకి పాలిత గొంతు వినబడింది. "మళ్ళీ పూలమొక్కల్లోనే వదిలేశారు. మీతో వేగలేను అవ్వా."

సుదత్తకి ఆశ పుట్టింది. మళ్ళీ మూకుళ్ళు పెట్టి, గింజలు పంచింది. సాయంత్రం ఎదురుపడగానే ఉత్పల థేరి అడిగింది.

"పాలిత ఎన్ని వేసింది?"

"మూడు."

"అయ్యో, తగ్గాయే."

"అవునమ్మగారూ, తగ్గాయి" అంది సుదత్త, నవ్వు ఆపుకోలేక.